పే స్లిప్పులో ‘పీఎఫ్’ అన్న ఒక్క గడి

సంపాదకులకు,

ఏటా భవిష్యనిధి వడ్డీ రేటు ఖరారు కాగానే పత్రికలన్నింట్లో పెద్ద అక్షరాలతో వార్త వస్తుంది. 2023-24కు 8.25 శాతం, 2024-25కూ అదే 8.25 శాతం అని ఉద్యోగులు ఠక్కున చెప్పేస్తారు. తన పేరు మీద నెలనెలా వెళ్లే డబ్బులో ఎంత భాగానికి ఆ వడ్డీ పడుతుందో చెప్పమంటే మాత్రం పదేళ్ల సర్వీసున్నవారు కూడా తడుముకుంటారు. తప్పు వారిది కాదు. పే స్లిప్పులో ‘పీఎఫ్’ అని ఒకే గడి ఉంటుంది, దాని వెనక మూడు పథకాలు ఉంటాయి: ఈపీఎఫ్ అనే పొదుపు, ఈపీఎస్ అనే పింఛను, ఈడీఎల్ఐ అనే బీమా. వాటికి తోడు గ్రాట్యుటీ, కొన్ని కంపెనీల్లో సూపర్‌యాన్యుయేషన్, ఈమధ్య ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం). అన్నీ యజమాని ద్వారా వచ్చే విరమణ పొదుపులే అయినా ఒకదాని షరతు ఇంకోదానికి అతకదు. జీతాల పట్టీలు, పీఎఫ్ రిటర్నులు మా రోజువారీ పని. లెక్క ఎక్కడ తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

ముందుగా ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. యజమాని ఇచ్చే మాట రెండు రకాలు. ‘చివర్లో ఇంత ఇస్తాం’ అన్నది ఒకటి. ‘నెలనెలా ఇంత వేస్తాం, అది ఎంతైతే అంత నీది’ అన్నది రెండోది. గ్రాట్యుటీ, ఈపీఎస్ పింఛను మొదటి రకం. వీటిలో చివరి జీతం, సర్వీసు ఏళ్లు కలిపి ఒక సూత్రం ప్రకారం లెక్క కడతారు. పాస్‌బుక్‌లో ఎంత కనిపిస్తోందన్న దానితో పని లేదు. ఈపీఎఫ్, సూపర్‌యాన్యుయేషన్, ఎన్‌పీఎస్ రెండో రకం. ఇక్కడ సూత్రం ఉండదు, ఏ నెల ఎంత పడింది, ఎంత పెరిగింది అన్నదే లెక్క. మళ్లీ వీటిలోనూ ఈపీఎఫ్‌కు ఏటా ప్రకటించిన వడ్డీ వస్తుంది, ఎన్‌పీఎస్‌లో యూనిట్ల ధర పడితే ఆ నష్టం చందాదారుదే. మా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం ఈ రెండు రకాలనూ కలగాపులగం చేసుకోవడం వల్ల పుట్టేవే.

ఇక ఈపీఎఫ్. 1952 నాటి చట్టం. 20 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఉద్యోగి బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 12 శాతం కోస్తారు, యజమాని మరో 12 శాతం కలుపుతాడు. బీడీ, ఇటుక, జనపనార, కొబ్బరి పీచు వంటి పరిశ్రమల్లో ఇది 10 శాతమే. ఉత్తర తెలంగాణ బీడీ కార్మికుల పాస్‌బుక్కుల్లో అంకెలు తక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఉద్యోగి వాటా మొత్తం ఈపీఎఫ్ ఖాతాకే వెళ్తుంది. యజమాని వాటాలో చీలిక ఉంది. అందులో 8.33 శాతం పింఛను పథకానికి, అంటే ఈపీఎస్‌కు మళ్లుతుంది. అయితే ఆ 8.33 శాతాన్ని 15,000 రూపాయల మీదే లెక్కిస్తారు కాబట్టి నెలకు 1,250 రూపాయలు దాటదు. మిగిలింది ఈపీఎఫ్‌లోకి. బేసిక్ 30,000 ఉన్న ఉద్యోగిని తీసుకుందాం. అతని వాటా 3,600. యజమాని వాటా 3,600లో 1,250 ఈపీఎస్‌కు, 2,350 ఈపీఎఫ్‌కు. వడ్డీ పడేది 3,600కూ, 2,350కూ కలిపి 5,950కి. ఆ 1,250కి వడ్డీ లేదు, అది ఎప్పటికీ నిల్వగా తిరిగి రాదు. పాస్‌బుక్‌లో మూడో గడిలో పేరుకుంటున్నట్టు కనిపించే ఆ అంకెను తన పొదుపులో కలుపుకుని ఇల్లు కొనే లెక్కలు వేసుకునేవారున్నారు. అది పింఛను నిధిలోకి వెళ్లిపోయిన డబ్బు.

ఈ 15,000 పరిమితిని 2014 సెప్టెంబరు 1న 6,500 నుంచి పెంచారు. దీన్నే యజమానులు ఇంకో రకంగా వాడుకుంటారు, అదీ చట్టబద్ధంగానే. అసలు జీతం ఎంతున్నా 15,000 మీదే 12 శాతం, అంటే 1,800 కట్టి ఊరుకుంటారు. పై ఉదాహరణలో ఉద్యోగి వాటా 1,800, యజమాని ఈపీఎఫ్ వాటా 550. నెలకు ఖాతాలో పడేది 2,350 మాత్రమే. 5,950కీ దీనికీ నెలకు 3,600 తేడా, ఏడాదికి 43,200. ఆఫర్ లెటర్లో రెండు చోట్లా ‘పీఎఫ్ చట్టం ప్రకారం’ అనే రాసి ఉంటుంది. చేరే రోజున అడగాల్సింది ‘పూర్తి బేసిక్ మీదా, 15,000 మీదా’ అన్న ఒక్క ప్రశ్న. పరిమితి మీదే కడతామంటే మిగతాది వీపీఎఫ్‌గా, అంటే స్వచ్ఛందంగా, ఉద్యోగి తన వాటాను బేసిక్, డీఏల మొత్తం దాకా పెంచుకోవచ్చు. దానికీ అదే వడ్డీ. యజమాని మాత్రం అదనంగా ఏమీ కలపనక్కర్లేదు. ఉద్యోగి సొంత వాటా ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే, దాటిన భాగం మీద వచ్చే వడ్డీకి 2021 ఏప్రిల్ నుంచి పన్ను ఉంది. పెద్ద జీతాలవారు వీపీఎఫ్ ఫారం నింపే ముందు ఈ హద్దు చూసుకోవాలి.

చట్టబద్ధం కాని తెలివి ఇంకొకటి ఉంది. జీతం 14,000 అనుకోండి. అందులో 5,000 బేసిక్ అని, 9,000 ‘స్పెషల్ అలవెన్స్’ అని రాస్తారు. 14,000 మీద అయితే ఒక్కో వాటా 1,680, 5,000 మీద అయితే 600. రెండు వాటాలూ కలిపి నెలకు 2,160 రూపాయలు ఆ కార్మికుడి పేరు మీద పడకుండా పోతాయి. అందరికీ ఒకే తీరున ఇచ్చే అలవెన్సును బేసిక్ నుంచి విడదీసి పీఎఫ్ తప్పించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) దీన్ని ఇంకాస్త బిగించాయి. మినహాయించదగ్గ అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోకే లెక్కిస్తారు. దీంతో చేతికొచ్చే జీతం తగ్గిపోతుందని చాలామంది బెంబేలెత్తారు. ఇప్పటికే 15,000 పరిమితి మీద పీఎఫ్ కడుతున్నవారికి దీనివల్ల కోత పెరగదు.

ఈపీఎస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అపోహలు ఎక్కువ అక్కడే. 1995 నవంబరు 16న మొదలైన పథకం. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్లు ఉన్నా చాలు. వయసు 58. సూత్రం సులువు: పింఛను లెక్కకు వచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. జీతమంటే చివరి 60 నెలల సగటు, 15,000 దాటకుండా. ఇరవై ఏళ్ల సర్వీసు పూర్తయినవారికి రెండేళ్లు కలుపుతారు. అంటే 15,000 జీతం, 20 ఏళ్ల సర్వీసుకు 15,000ను 22తో గుణించి 70తో భాగిస్తే నెలకు 4,714.

కానీ 2014కు ముందు సర్వీసు ఉన్నవారికి ఈ లెక్క నేరుగా పనికిరాదు. ఆ కాలానికి 6,500 పరిమితే వర్తిస్తుంది. ముందు 8 ఏళ్లు, తర్వాత 10 ఏళ్లు చేసిన వ్యక్తికి మొదటి భాగానికి 743, రెండో భాగానికి 2,143, మొత్తం 2,886 రూపాయలు. 15,000ను 18తో గుణించి 3,857 వస్తుందని ఎదురుచూసినవారు పింఛను ఉత్తర్వు చూసి ఆఫీసు మోసం చేసిందనుకుంటారు. జీతం లేని సెలవు రోజులు కూడా సర్వీసులోంచి తీసేస్తారని గుర్తుంచుకోవాలి. యాభై నిండాక ముందే తీసుకోవచ్చు గానీ 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున కోత పడుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. 58 దాటాక 60 వరకు ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. కనీస పింఛను 1,000 రూపాయలు. ఈ రోజుల్లో వెయ్యి రూపాయలతో మందుల ఖర్చు కూడా వెళ్లదన్నది నిజమే. దాన్ని పెంచాలన్న డిమాండు న్యాయమైనదే. అలాగని ఈపీఎస్‌ను తీసిపారేయడం సరికాదు. ఉద్యోగి మధ్యలో చనిపోతే, ఒక్క నెల చందా పడి ఉన్నా భార్యకు పింఛను, ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా ఒక్కొక్కరికి అందులో నాలుగో వంతు ఇచ్చేది ఈ పథకమే.

అందరూ ఈపీఎస్ సభ్యులు కారు. 2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి పీఎఫ్‌లోకి వచ్చి, ఆనాటికే బేసిక్, డీఏ కలిపి 15,000 దాటినవారికి పింఛను పథకం లేదు. యజమాని వాటా అంతా ఈపీఎఫ్‌లోకే వెళ్లాలి. జీతాల సాఫ్ట్‌వేర్‌లో పాత అమరిక మార్చక చాలా ఆఫీసులు వీరికీ 1,250 ఈపీఎస్‌కు పంపేస్తాయి. ఏళ్లు గడిచి బదిలీకో, ఉపసంహరణకో దరఖాస్తు పెట్టినప్పుడు ఆ దరఖాస్తే వెనక్కి తిరిగొస్తుంది. అప్పుడు పాత కంపెనీ లెక్కలు సరిచేసి పంపాలి, ఆ కంపెనీ మూతపడి ఉంటే చెప్పనక్కర్లేదు. దీనికి తలకిందులు తప్పు కూడా జరుగుతుంది. పాత ఉద్యోగంలో తక్కువ జీతంతో ఈపీఎస్ సభ్యుడైన వ్యక్తి పెద్ద జీతంతో కొత్త చోట చేరితే సభ్యత్వం కొనసాగాలి. ఫారం 11లో ‘ఇంతకుముందు ఈపీఎస్ సభ్యులా’ అన్న గడిని హడావుడిగా ‘కాదు’ అని నింపితే పింఛను సర్వీసు అక్కడితో ఆగిపోతుంది. చేరిన రోజు పెట్టించుకునే పాతిక సంతకాల్లో ఈ ఫారం మీద సంతకాన్ని మాత్రం చదివి పెట్టాలి. మూడో తప్పు 58 దాటినా ఉద్యోగంలో ఉన్నవారి విషయంలో జరుగుతుంది. ఆ వయసు నుంచి ఈపీఎస్‌కు చందా ఆపి మొత్తం ఈపీఎఫ్‌లో వేయాలి.

ఉద్యోగం మారినప్పుడు ఏం చేయాలన్నది తర్వాతి విషయం. మా సలహా ఒక్కటే: తీయవద్దు, బదిలీ చేయండి. 28 ఏళ్ల వయసులో తీసిన 50,000 రూపాయలు 8.25 శాతం చొప్పున 58 దాకా ఉండి ఉంటే దాదాపు 5.4 లక్షలు అయ్యేవి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆ మొత్తానికి పన్ను ఉంటుంది, పాత కంపెనీ సర్వీసు కలవాలంటే బదిలీ జరిగి ఉండాలి. పదేళ్లు నిండకముందు ఫారం 10సీతో పింఛను డబ్బు కూడా తీసేసుకుంటే ఆ సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. వెంటనే ఇంకో ఉద్యోగం లేనివారు అదే ఫారంలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కోరవచ్చు. ఆ కాగితం దాచుకుంటే పాత ఏళ్లు తర్వాతి ఉద్యోగంలో కలుస్తాయి. బదిలీ అయ్యాక పాస్‌బుక్‌లో పింఛను గడి సున్నాగా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఈపీఎస్‌లో బదిలీ అయ్యేది సర్వీసు. డబ్బు కదలదు. 2025 అక్టోబరులో పీఎఫ్‌ను నడిపే కేంద్ర సంస్థ ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి ఉపసంహరణ నిబంధనలను కుదించి, ఖాతాలో నాలుగో వంతు ఎప్పుడూ మిగిలి ఉండాలని, ఉద్యోగం పోయాక పూర్తి మొత్తం తీసుకోవడానికి రెండు నెలల గడువును పన్నెండు నెలలు చేయాలని తీర్మానించింది. నా డబ్బు నన్ను తీసుకోనివ్వరా అని కోపం వచ్చినవారున్నారు. ఖాతాలను మధ్యలో ఖాళీ చేసుకుని 58కి వట్టి చేతులతో వచ్చేవారిని చూస్తున్నవాళ్లుగా మేం ఆ తీర్మానాన్ని తప్పుపట్టలేం.

బదిలీ ఆగిపోయే కారణాల్లో మన తెలుగువారికి ప్రత్యేకమైనది ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు పూర్తిగా, ఆధార్‌లో వెనక ఒక్క అక్షరంగా, పాన్‌లో ఇంకో తీరుగా ఉంటుంది. యూఏఎన్‌లో, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యత్వ నంబరులో, పేరు ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పుట్టిన తేదీ కూడా. సవరణకు ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ ఉంది గానీ, ఉద్యోగంలో ఉండగానే చేయించుకుంటే వారంలో అయ్యే పని వదిలేశాక నెలలు పడుతుంది. రెండో కారణం పాత యజమాని ‘ఉద్యోగం వదిలిన తేదీ’ నమోదు చేయకపోవడం. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఉద్యోగే పోర్టల్‌లో దాన్ని నమోదు చేసుకోవచ్చు. ఆ తేదీ కొత్త ఉద్యోగంలో చేరిన తేదీకి ముందు ఉండేలా చూసుకోండి. రెండు కంపెనీల తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే మళ్లీ తకరారే. మూడోది, పాత నంబరు చెప్పకపోవడం వల్ల పుట్టిన రెండో యూఏఎన్. మనిషికి ఒక్కటే ఉండాలి.

జీతంలో కోసి కట్టకపోవడం అన్నింటికన్నా పెద్ద సమస్య. ప్రతి నెల చందా మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. కాబట్టి 20వ తేదీన పాస్‌బుక్ తెరిచి చూస్తే విషయం తెలిసిపోతుంది. వరసగా రెండు నెలలు పడకపోతే మూడో నెల దాకా ఆగకుండా ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో పే స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి ఫిర్యాదు పెట్టాలి. ఆలస్యానికి యజమాని 12 శాతం వడ్డీతో పాటు జరిమానా కట్టాలి. ఉద్యోగి జీతంలో కోసిన వాటాను వాడుకోవడం క్రిమినల్ నేరం కూడా. ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు సిబ్బందికి ఇంకో సంగతి తెలియాలి. కాంట్రాక్టరు కట్టకపోతే బాధ్యత పని చేయించుకునే ప్రధాన యజమానిది. మున్సిపాలిటీ అయినా, ఆస్పత్రి అయినా ‘మాకు సంబంధం లేదు, ఏజెన్సీని అడగండి’ అనడం చెల్లదు.

కొన్ని పెద్ద సంస్థలు ఈపీఎఫ్ఓకు కాకుండా సొంత ట్రస్టులో పీఎఫ్ నడుపుతాయి. ఆర్టీసీది అలాంటిదే, ఐటీ కంపెనీల్లోనూ ఉన్నాయి. వీటికి ‘మినహాయింపు పొందిన సంస్థలు’ అని పేరు. ఈపీఎఫ్ఓ ప్రకటించిన వడ్డీకి తగ్గకుండా ఇవ్వాలి, తేడా వస్తే యజమాని భరించాలి. ఈపీఎఫ్ఓ పాస్‌బుక్‌లో ఈ డబ్బు కనిపించదు కాబట్టి ట్రస్టు ఇచ్చే వార్షిక స్లిప్పులు దాచుకోవాలి. సింగరేణిది మరో దారి. బొగ్గు గనుల పీఎఫ్‌కు 1948 నాటి వేరే చట్టం, వేరే కార్యాలయం, 1998 నాటి వేరే పింఛను పథకం ఉన్నాయి. ఇక్కడ చెప్పిన 1,250 లెక్కలు వారికి పనిచేయవు.

గ్రాట్యుటీకి ఉద్యోగి జీతంలో కోత ఉండదు, అది పూర్తిగా యజమాని ఇచ్చేది. 1972లో చట్టం వచ్చింది. పది మంది ఉన్న సంస్థ చాలు. అయిదేళ్ల సర్వీసు ఉండాలి, మరణిస్తే ఆ షరతు లేదు. నెలకు 26 పని దినాలుగా లెక్కేసి, ఏడాదికి 15 రోజుల చివరి జీతం ఇస్తారు. బేసిక్ 30,000, సర్వీసు 7 ఏళ్ల 8 నెలలు అయితే ఎనిమిదేళ్లుగా తీసుకుని 1,38,462 రూపాయలు. గరిష్ఠం 20 లక్షలు. కార్మిక స్మృతుల ప్రకారం, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకు ఏడాది పనిచేసినా దామాషాలో గ్రాట్యుటీ రావాలి. ఇది కొత్త హక్కు, హెచ్ఆర్ విభాగాలు తమంతట తాము చెప్పవు.

గ్రాట్యుటీలో మాయ సీటీసీ దగ్గర, అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు లెక్క దగ్గర, జరుగుతుంది. ఆఫర్ లెటర్లో బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ అని మొత్తంలో కలిపేస్తారు. మూడేళ్లకు మానేసేవారికి ఆ అంకె ఎప్పటికీ చేతికి రాదు. రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు ఆ గడిని కొట్టేసి పోల్చండి. రాజీనామా చేస్తే గ్రాట్యుటీ పోతుందన్నది అబద్ధం. దరఖాస్తు ఇచ్చాక 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీతో. ఇవ్వకపోతే కార్మిక శాఖకు వెళ్లాలి, పీఎఫ్ ఆఫీసుకు వెళ్తే లాభం లేదు. సంస్థ దివాలా తీస్తే గ్రాట్యుటీ ఎక్కడి నుంచి వస్తుందన్నది అసలు ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లోనే గ్రాట్యుటీకి తప్పనిసరి బీమా నిబంధనలు తెచ్చింది. మీ కంపెనీ ఎల్ఐసీ లాంటి చోట గ్రూప్ గ్రాట్యుటీ పాలసీ తీసుకుందా అని అడగడంలో తప్పేమీ లేదు.

సూపర్‌యాన్యుయేషన్ పాత తరం పెద్ద కంపెనీల్లో మిగిలింది. యజమాని బేసిక్‌లో 15 శాతం దాకా ఒక ట్రస్టులో వేస్తాడు, విరమణప్పుడు మూడో వంతు నగదు, మిగతా దానికి నెలనెలా యాన్యుటీ, అంటే పింఛనులాంటి చెల్లింపు. మధ్యలో మానేసినప్పుడు దీన్ని మరిచిపోయి వదిలేసినవారు చాలామంది. కొత్త కంపెనీ ట్రస్టుకు గానీ, ఎన్‌పీఎస్‌కు గానీ మార్చుకోవచ్చు. యజమాని పీఎఫ్, ఎన్‌పీఎస్, ఈ పథకం మూడింటికీ కలిపి ఏడాదికి ఏడున్నర లక్షలు దాటి వేస్తే దాటిన దానికి ఉద్యోగి పన్ను కట్టాలి.

ఎన్‌పీఎస్‌ను ఇప్పుడు కంపెనీలు ముందుకు తోస్తున్నాయి, కారణం పన్ను. కొత్త పన్ను విధానంలో ఉద్యోగి సొంత పీఎఫ్ వాటాకు మినహాయింపు లేదు. యజమాని ఎన్‌పీఎస్‌లో వేసేదానికి మాత్రం బేసిక్, డీఏలో 14 శాతం దాకా ఉంది. బేసిక్ 75,000 అయితే నెలకు 10,500, ఏడాదికి 1,26,000. ఆ మొత్తమంతా 20 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 26,208 మిగులు. బాగానే ఉంది గానీ, ఆ 10,500 యజమాని జేబులోంచి కొత్తగా వచ్చేది కాదు, సీటీసీలోంచే. చేతికొచ్చే జీతం ఆ మేరకు తగ్గుతుంది. విరమణప్పుడు కొంత భాగానికి యాన్యుటీ కొనాల్సిందే. ఆ భాగం 40 శాతం ఉండేది, 2025 డిసెంబరు సవరణతో ప్రభుత్వేతర చందాదారులకు 20 శాతం చేశారు. యాన్యుటీగా వచ్చేదానికి పన్ను ఉంటుంది. ఈపీఎఫ్ పూర్తి బేసిక్ మీద పడుతున్నవారు, పదిహేనేళ్లకు పైగా కాలం ఉన్నవారు దీన్ని అదనంగా పెట్టుకోవచ్చు. ఈపీఎఫ్ తగ్గించి దీన్ని పెంచమని హెచ్ఆర్ చెబితే మాత్రం ఒప్పుకోవద్దంటాం. ఉద్యోగం మారినా ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా) నంబరు అదే. కొత్త కంపెనీలో ఎన్‌పీఎస్ లేకపోతే సాధారణ పౌరుల విభాగానికి మార్చుకుని నడుపుకోవచ్చు, మూసేయనక్కర్లేదు.

2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగుల సీపీఎస్ (చందాతో నడిచే పింఛను పథకం) కూడా ఈ ఎన్‌పీఎస్‌యే. అందులోని గొడవంతా మొదట చెప్పిన తేడా గురించే. పాత పింఛనులో చివరికి ఇంత అన్న మాట ఉండేది, సీపీఎస్‌లో నెలకు ఇంత అన్న మాటే ఉంది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన ఏకీకృత పింఛను పథకం, 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం ఇస్తామంటూ మళ్లీ మొదటి రకం మాట వైపు జరిగింది. దాని గురించి మీ పత్రికలో చర్చ నడుస్తూనే ఉంది కాబట్టి ఇంతటితో ఆపుతాం.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు అక్కడి కంపెనీల విరమణ పొదుపు పథకం గురించి ‘401(కె) మన పీఎఫ్ లాంటిదేనా’ అని అడుగుతుంటారు. అది ఎన్‌పీఎస్‌కు దగ్గర. ఎందులో పెట్టాలో ఉద్యోగే ఎంచుకుంటాడు, లాభనష్టాలు అతనివే. తన వాటా మొదటి రోజు నుంచీ తనదే గానీ, కంపెనీ కలిపే వాటా చాలాచోట్ల కొన్నేళ్లు పనిచేస్తేనే పూర్తిగా దక్కుతుంది. 59½ ఏళ్లు నిండకుండా తీస్తే సాధారణంగా మామూలు పన్ను మీద మరో 10 శాతం పడుతుంది. తిరిగొచ్చేస్తున్నాం కదా అని ఖాతా మూసేసే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

చివరగా, పే స్లిప్పులో ఎక్కడా కనిపించని పథకం ఈడీఎల్ఐ. ఉద్యోగి పైసా కట్టడు, యజమాని అర శాతం కడతాడు. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే కుటుంబానికి రెండున్నర లక్షల నుంచి ఏడు లక్షల దాకా వస్తుంది. గత 12 నెలల సగటు జీతానికి, 15,000 దాటకుండా, 35 రెట్లు, దానిపైన పీఎఫ్ నిల్వ సగటులో సగం, అది లక్షా 75 వేలు దాటకుండా. ఈ బీమా సంగతి తెలియక పీఎఫ్ డబ్బు మాత్రమే తీసుకుని వెళ్లిపోయే కుటుంబాలున్నాయి. మరణం తర్వాత పీఎఫ్‌కు ఫారం 20, పింఛనుకు 10డీ, బీమాకు 5ఐఎఫ్ వేర్వేరుగా ఉండేవి, ఇప్పుడు మూడూ ఒకే ఉమ్మడి ఫారంలో అడగవచ్చు. దానిలో మూడు గడులూ టిక్ పెట్టాలి. పెళ్లికి ముందు తల్లి పేరునో, తమ్ముడి పేరునో రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఈ-నామినేషన్‌లో ఆధార్, ఫొటోతో వేయాలి. మీ పత్రిక ఈసారి వడ్డీ రేటు వార్త వేసినప్పుడు, దాని పక్కన ఈ నామినేషన్ సంగతి నాలుగు పంక్తుల్లో వేయమని మనవి.

ఇట్లు,
జీతాల పట్టీలు, పీఎఫ్ రిటర్నుల పనిలో ఉన్న కొందరు అకౌంటెంట్లు,
విజయవాడ